స్టోరేజీ నిండితే కాల్‌లెటర్ కూడా రాదు!

కోయిలకుంట్ల బస్టాండులో నంద్యాల బస్సు కోసం చూస్తూ ఫోన్ తీస్తారు. ‘స్టోరేజీ ఫుల్’ అని కనిపిస్తుంది. ‘ఆ.. తర్వాత చూద్దాంలే’ అని పక్కకు తోసేస్తారు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లు మాత్రం అలా తోసెయ్యకండి.

ముందు నిండింది ఫోనా, గూగుల్ ఖాతానా చూసుకోండి. రెండూ వేరు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ దాన్నే పంచుకోవాలి. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోకే వచ్చి చేరింది. అది నిండిందంటే ఫొటోల బ్యాకప్ ఆగడమే కాదు, జీమెయిల్‌కు కొత్త మెయిల్స్ కూడా రావు. పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. అది ఇంటర్వ్యూ పిలుపైనా సరే!

నిజానికి మనకు కావాల్సినవాటికి పట్టే చోటెంత? ఐబీపీఎస్ దరఖాస్తులో ఫొటో 50 కేబీ, సంతకం 20 కేబీ దాటకూడదు. టెన్త్ మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా, కుల ధ్రువపత్రంతో సహా స్కాన్ చేసి పెట్టుకున్నా సాధారణంగా కొన్ని ఎంబీలే. పెళ్లి ఊరేగింపును ఒక్క నిమిషం వీడియో తీస్తే అంతకు ఎన్నో రెట్లు! గ్రూపుల్లో వచ్చే శుభోదయాల సంగతి సరేసరి.

కాబట్టి కోత అక్కడే పెట్టండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిస్తే పెద్ద ఫైళ్లన్నీ వరుసగా కనిపిస్తాయి. చాట్ బ్యాకప్‌లో వీడియోలను చేర్చే ఆప్షన్ ఆపేయండి. గూగుల్ ఫొటోస్‌లో ‘స్టోరేజ్ సేవర్’ ఎంచుకోండి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: బ్యాకప్ అయిపోయింది కదా అని గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ కొడతారు. అప్పుడు క్లౌడ్‌లోదీ పోతుంది. ఫోన్‌లో మాత్రమే తీసెయ్యాలంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడాలి. పొరపాటు జరిగితే కంగారు పడకండి, బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. 

సర్టిఫికెట్లకు డిజీలాకర్ ఉంది. అందులో బోర్డులు, యూనివర్సిటీలు జారీచేసిన పత్రాలు చట్టప్రకారం ఒరిజినల్స్‌తో సమానం. ఇక్కడ దొరకనివి స్కాన్ చేసి ఓటీజీ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్‌లో ఒక కాపీ ఉంచుకోండి. నెట్‌సెంటర్ కంప్యూటర్‌లో మెయిల్ తెరిస్తే మాత్రం లాగౌట్ చేశాకే కుర్చీలోంచి లేవండి.