ఇంటిలో సంగీతము: రిసీవరు, స్పీకర్ల ఎంపిక

హైదరాబాదునకు దక్షిణమున, శంషాబాదు విమానాశ్రయ ప్రాంతమునకు చేరువలో బడంగ్‌పేట ఉన్నది. 2008లో విమానాశ్రయము ప్రారంభమైన తరువాత ఈ వైపున కొత్త కాలనీలు వేగముగ పెరిగినవి. కొత్త యింటికి పెద్ద టెలివిజను వచ్చును. దాని వెంట మంచి ధ్వని కావలెనను కోరికయు వచ్చును. పాత పాటలు వినుటకు, ఇంటిలోనే సినిమా చూచుటకు తగిన పరికరములు కొనవలెనని గృహస్థుడు కోఠీలోని గుజరాతీ గల్లీకి పోవును. అక్కడ అతనికి మొదట ఎదురగు ప్రశ్న "ఎన్ని వాట్లు కావలెను?" అనునది.

నిజమునకు ఆ ప్రశ్న చివర రావలసినది. ఒక నెల జీతము ఖర్చగు ఈ వస్తువు విషయమున పెట్టె మీది పెద్ద అంకె చెప్పున దత్యల్పము. మొదట గది, తరువాత స్పీకరు, ఆ తరువాత రిసీవరు: ఎంపిక ఈ వరుసలో సాగవలెను. ఈ వరుసకు గల కారణములు ఉన్నత పాఠశాలలో నేర్పు భౌతిక శాస్త్రములోనే ఉన్నవి.

రిసీవరు పని, స్పీకరు పని

రిసీవరు మూడు పనులు చేయును. టెలివిజను, డిస్కు యంత్రము, ఫోను మొదలగువానిలో దేని ధ్వని కావలెనో ఎన్నుకొనును. అంకెల రూపమున వచ్చిన ధ్వనిని విప్పి, ఏ స్పీకరునకు చేరవలసినది దానికి వేరుపరచును. పిమ్మట ఆ బలహీనమైన విద్యుత్సంకేతమును స్పీకరును కదల్చగలంత బలవంతముగ చేయును. ఈ మూడవ పని చేయు భాగమునే ఆంప్లిఫయరు అందురు.

స్పీకరులో అయస్కాంతము నడుమ ఒక తీగచుట్ట, దానికి అంటి ఒక కాగితపు శంకువు ఉండును. చుట్టలో విద్యుత్తు ప్రవహింపగా అది ముందు వెనుకలకు కదలును. శంకువు గాలిని కదలించును. నేటి స్పీకర్లకు మూలమైన ఈ నిర్మాణమును అమెరికాలో రైసు, కెల్లాగు అను ఇంజనీర్లు 1925లో ప్రకటించిరి. శతాబ్దము గడచినను మూలసూత్రము మారలేదు.

శంకువు ఎంత గాలిని కదల్చగలదు అనునదే ముఖ్యము. స్వరము ఒక స్థాయి క్రిందికి దిగినప్పుడు, అనగా కంపనముల సంఖ్య సగమైనప్పుడు, అంతే గట్టిగ వినిపింపవలెనన్న శంకువు నాలుగు రెట్లు దూరము కదలవలెను. అరచేతిలో ఇమడు స్పీకరు మృదంగము యొక్క ఎడమ ప్రక్క గుంభనమును సరిగా పలుకలేకపోవుటకు కారణ మిదియే. ఎంత ఖరీదైన రిసీవరును తగిలించినను ఈ లోపము తీరదు. అందుచేత మొత్తము సొమ్ములో పెద్ద వాటా స్పీకర్లకే కేటాయించుట మేలు.

వాట్ల లెక్క

చెవి శక్తిని కూడిక లెక్కను గాక గుణకారపు లెక్కను గ్రహించును. అందుకే ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుతురు. శక్తి రెండింతలైనచో పెరుగునది 3 డెసిబెల్లు మాత్రమే. ఆ తేడా చెవికి కొద్దిగా మాత్రమే తెలియును. ధ్వని రెండింతలు గట్టిగ తోచవలెనన్న సుమారు 10 డెసిబెల్లు, అనగా పదిరెట్ల శక్తి కావలెను. కాబట్టి 50 వాట్లకు బదులు 100 వాట్లు కొన్నవాడు రెండింతల సంగీతమును కొన్నట్లు కాదు.

స్పీకరు కాగితములలో "సున్నితత్వము" అను అంకె ఒకటి ఉండును. ఒక వాటు శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్లు వినిపించునో అది తెలుపును. ఈ అంకె 88 అనుకొనుడు. దూరము మూడింతలైనచో, గోడల ప్రతిధ్వనిని విడిచిపెట్టిన, తీవ్రత తొమ్మిదవ వంతగును. అనగా సుమారు 9.5 డెసిబెల్లు తగ్గును. అట్టి స్పీకర్లు రెండు పలికినచో 3 డెసిబెల్లు కలియును. మొత్తము మీద మూడు మీటర్ల దూరమున కూర్చున్నవానికి, స్పీకరునకు ఒక్క వాటు చొప్పున ఇచ్చినను, 81 డెసిబెల్లు అందును.

ఇంటిలో హాయిగా వినుటకు సగటున 75 డెసిబెల్లు చాలును; దానికి పావు వాటు సరిపోవును. అయితే తాళపు దెబ్బ, యుద్ధ దృశ్యములోని ప్రేలుడు సగటును మించి 20 డెసిబెల్లు క్షణకాలము పైకి లేచును. ఆ క్షణమునకు నూరు రెట్లు, అనగా 25 వాట్లు కావలెను. ఈ నిలువ శక్తి లేని రిసీవరును బలవంతపెట్టినచో తరంగముల శిఖరములు తెగిపోవును. ధ్వని బొంగురుపోవును, హెచ్చు స్వరములు పలుకు చిన్న స్పీకరు కాలిపోవచ్చును. కావున నిజమైన 50 వాట్లు గల రిసీవరు సాధారణ గృహమునకు చాలినంత.

"నిజమైన" అను మాటను గమనింపవలెను. పెట్టెల మీద "పి.ఎం.పి.ఓ." అని వేలకొలది వాట్లు వేయు వాడుక ఒకటి కలదు. దానిని లెక్కగట్టుటకు అందరును ఒప్పిన పద్ధతి లేదు. చూడవలసినది "ఆర్.ఎం.ఎస్." అను నిలకడ శక్తి, అదియు ఒక్క మార్గమునకు చెప్పినదా, అన్ని మార్గములు కలిసి పని చేయునప్పుడు చెప్పినదా అని అడుగవలెను. ఆంప్లిఫయరు శక్తిని పుట్టింపదు. గోడలోని ప్లగ్గు నుండి తీసికొన్నదానినే మార్చి యిచ్చును. యంత్రము వెనుక పలక మీద 100 వాట్లు తీసికొనునని ఉండి, పెట్టె మీద 5000 వాట్లు ఇచ్చునని ఉన్నచో, శక్తి నిత్యత్వ నియమము చదివిన విద్యార్థికి ఇంక వేరే సాక్ష్యము అక్కరలేదు.

ఓముల పొత్తు

స్పీకర్లు 4, 6, 8 ఓములని మూడు విధములుగ దొరకును. రిసీవరు 20 వోల్టులు ఇచ్చినప్పుడు 8 ఓముల స్పీకరు 2.5 ఆంపియర్లు తీసికొనును. శక్తి 50 వాట్లు. అదే వోల్టులకు 4 ఓముల స్పీకరు 5 ఆంపియర్లు లాగును. శక్తి 100 వాట్లు. అంత ప్రవాహమునకు తగని రిసీవరు వేడెక్కి తనంతట ఆగిపోవును. రిసీవరు వెనుక వ్రాసిన ఓములకు తక్కువ గాని స్పీకర్లనే కొనవలెను. మే నెల ఎండలో మూసిన బీరువాలో రిసీవరు నుంచరాదు. పైన గాలి ఆడుటకు చోటు విడువవలెను.

తీగల విషయమున భయము వలదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రాకపోకలకు కలిపి 10 మీటర్లు వాడినను, దాని నిరోధము 0.12 ఓము మాత్రమే. 8 ఓముల ముందు అది లెక్కకు రాదు. వేలు పోసి ప్రత్యేకపు తీగలు కొన నవసరము లేదు.

గది చేయు మేలు, కీడు

ఒక యింటి ముందుగది 4.5 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్నదనుకొనుడు. ఈ ప్రాంతపు ఇండ్లలో పైన కాంక్రీటు, చుట్టు సిమెంటు పూత, క్రింద తాండూరు బండలో నున్నని టైల్సో ఉండును. ఇవన్నియు ధ్వనిని మ్రింగక వెనుకకు కొట్టునవే.

ఒక గదిలో ధ్వని ఆగిన తరువాత ఎంతసేపు మ్రోగునో లెక్కించు సూత్రమును హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన సబీను 1890 ప్రాంతపు దశకములో కనుగొనెను. ఘనపరిమాణమును 0.161తో గుణించి, గది మొత్తముగ మ్రింగు ధ్వని పరిమాణముచే భాగింపవలెను. పై గది ఘనపరిమాణము 48.6 ఘనమీటర్లు, ఉపరితలము 81 చదరపు మీటర్లు. ఖాళీ గది ఉపరితలము నూటికి మూడు వంతుల ధ్వనినే మ్రింగునన్నచో, మ్రోత 3.2 సెకనులు నిలుచును. ఒక మాట మీద మరియొక మాట పడి పాట అలికినట్లగును. తివాచి, మందపు తెరలు, పరుపు వేసిన దివాను, పుస్తకముల అలమార చేరి ఆ మ్రింగుడు నూటికి ఇరువది వంతులైనచో, మ్రోత అర సెకనునకు దిగును. పై ఖరీదు రిసీవరు చేయలేని ఉపకారమును తివాచి చేయగలదు.

తక్కువ స్వరముల సంగతి వేరు. 50 కంపనముల ధ్వని తరంగము సుమారు 7 మీటర్ల పొడవుండును. తెరలు దానిని ఆపలేవు. గది పొడవు తరంగములో సగమునకు సమానమైనప్పుడు నిలుకడ తరంగ మేర్పడును. పై గదిలో పొడవు వలన 38, వెడల్పు వలన 48 కంపనముల దగ్గర ఇట్లు జరుగును. అట్టి స్వరము గోడల దగ్గర పొంగును, నడుమ సన్నగిల్లును. పొడవు వెడల్పులు సమానమైన గదిలో రెండును ఒకే స్వరమున కలిసి హెచ్చు బాధించును. కనుక కుర్చీని వెనుక గోడకు ఆనించి గాని, సరిగ్గా గది నడుమ గాని వేయరాదు. కుర్చీని ఒక మూర జరిపిన మాత్రమున ధ్వని బాగుపడుట కద్దు. దీనికి కాసు ఖర్చు లేదు.

రెండు చాలునా, ఐదు కావలెనా?

ఇది ఇంటివారు వినుదానిని బట్టి యుండును. 1957లో వచ్చిన 'మాయాబజార్' పాటలు ఒకే మార్గములో ముద్రితమైనవి. తెలుగులో మొదటి 70 మిల్లీమీటర్ల చిత్రముగ పేరొందిన 'సింహాసనం' 1986లో ఆరు ధ్వని మార్గములతో వచ్చినది. మొదటి తరహా పాటలు, కచేరీలు ఎక్కువగ వినువారికి రెండు మంచి స్పీకర్లు కావలెను. అదే సొమ్ముతో ఐదు నాసిరకపువి కొనుట నష్టము. రెండు స్పీకర్లు, వినువాడు కలిసి సమబాహు త్రిభుజమైనచో గాయకుడు నడుమ నిలిచి పాడినట్లు తోచును.

కొత్త చిత్రములను ఎక్కువగ చూచువారు 5.1 అను ఏర్పాటు కోరవచ్చును. ఇందు నడిమి స్పీకరు సంభాషణలను, వెనుక రెండు పరిసర ధ్వనులను, "1" అను సబ్‌వూఫరు మిక్కిలి తక్కువ స్వరములను పలుకును. 80 కంపనముల లోపలి ధ్వని ఎటనుండి వచ్చుచున్నదో చెవి సులభముగ పట్టలేదు. కావున సబ్‌వూఫరును ఏ వైపునైన నుంచవచ్చును. మూలలో పెట్టినచో మ్రోత హెచ్చును. ఒకేసారి ఐదును కొనజాలనివారు ఐదు మార్గముల రిసీవరును, ముందు రెండు మంచి స్పీకర్లను కొని, తక్కినవానిని ఏటేట చేర్చుకొనవచ్చును.

చెవి, పొరుగిల్లు

గోడకు గోడ ఆనిన కాలనీలలో ఇంకొక లెక్క కలదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు వరకు 45 డెసిబెల్లు పరిమితి. ఇంటి సొంత యంత్రపు ధ్వని ఆ యింటి ఎల్లవద్ద ఈ పరిమితిని 5 డెసిబెల్లకు మించి దాటరాదు. తక్కువ స్వరములే గోడలను దాటిపోవును గనుక రాత్రివేళ ముందుగా తగ్గింపవలసినది సబ్‌వూఫరును. పెద్దలకు 80 డెసిబెల్లు వారమునకు 40 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 3 డెసిబెల్లు పెరిగినకొలది ఆ గడువు సగమగును. వినికిడి ఒకసారి చెడినచో దానిని ఏ గల్లీలోను మరల కొనలేము.

అంగడికి పోవువాడు గది కొలతలు, కూర్చుండు దూరము కాగితము మీద వ్రాసికొని పోవలెను. తనకు బాగుగ పరిచితమైన పాటను వెంట తీసికొని, రెండు జతల స్పీకర్లను ఒకే తీవ్రతతో పలికించి పోల్చవలెను. కొంచెము గట్టిగ పలుకునది మేలైనదిగ తోచుట చెవి సహజ గుణము. స్పీకరు నిర్ణయమైన తరువాత దాని ఓములకు, సున్నితత్వమునకు తగిన రిసీవరును అడుగవలెను. వాట్ల ప్రశ్న అప్పుడు వచ్చును; దానికి సమాధానము అప్పటికే కాగితము మీద ఉండును.