పడమటి ప్రెయిరీ ఆర్కిడ్: చిత్తడి పచ్చికబయళ్ల యాజమాన్యం

ఉత్తర అమెరికా మధ్య మైదానాల్లో, పొడవు గడ్డి బయళ్లలోని తేమ నిలిచే పల్లాల్లో పెరిగే నేల ఆర్కిడ్ ప్లాటాంథెరా ప్రీక్లారా. దీనిని 1986లో ప్రత్యేక జాతిగా వర్ణించారు. బయళ్లు సాగుభూములుగా మారడం, పల్లాల నీటిని కాలువల ద్వారా తొలగించడం వలన దీని ఆవాసం కుంచించుకుపోయింది. 1989లో అమెరికా ప్రభుత్వం దీనిని ముప్పు పొంచి ఉన్న జాతిగా ప్రకటించింది. పెద్ద సముదాయాలు మిన్నెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రాలలోను, కెనడాలోని మానిటోబాలోను మిగిలి ఉన్నాయి.

జీవిత చక్రం

ఈ బహువార్షిక మొక్క భూమిలోని దుంప నుండి వసంతంలో మొలచి, జూన్, జులై నెలల్లో తెల్లని పూలు పూస్తుంది. మరుసటి ఏటి మొలకకు ఆధారమైన కొత్త దుంప ఆ వేసవిలోనే ఏర్పడుతుంది. కావున ఆకులు ముందుగా కోతకు గురైతే నష్టం తరువాతి సంవత్సరానికీ సంక్రమిస్తుంది. ధూళివంటి విత్తనాలలో ఆహార నిల్వ ఉండదు. నేలలోని అనుకూల శిలీంద్రం తోడైతేనే మొలకెత్తుతాయి. తూర్పు కనుమల్లోని హాబెనేరియా, యులోఫియా ప్రజాతుల ఆర్కిడ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పరాగసంపర్కం

పూవు వెనుక దాదాపు 4 నుండి 5 సెం.మీ. పొడవైన తేనె గొట్టం ఉంటుంది. పొడవైన తొండం గల స్ఫింగిడే కుటుంబపు చిమ్మటలు మాత్రమే ఆ తేనెను అందుకోగలవు. నువ్వు పంటను ఆశించే ఆకెరాన్షియా చిమ్మట ఈ కుటుంబానికి చెందినదే. తేనె త్రాగే సమయంలో పుప్పొడి ముద్దలు చిమ్మట కళ్లకు అంటుకొని మరో పూవుకు చేరతాయి.

కలుపు నివారణలో చిక్కు

యూరేసియా నుండి వచ్చిన లీఫీ స్పర్జ్ అనే కలుపు ఈ బయళ్లను ఆక్రమిస్తున్నది. దీనిని అదుపు చేయకపోతే ఆర్కిడ్‌కు చోటు మిగలదు. విచక్షణ లేకుండా కలుపు మందు చల్లితే ఆర్కిడ్‌కే హాని. ఈ కలుపుపై జీవ నియంత్రణకు విడుదల చేసిన హైలిస్ యుఫోర్బియే చిమ్మట ఉత్తర డకోటాలో ఆర్కిడ్ పుప్పొడిని చేరవేస్తున్నట్లు గుర్తించారు. అనగా కలుపు తగ్గినప్పుడు ఒక పరాగ వాహకానికి ఆహారమూ తగ్గుతుంది.

యాజమాన్య సూచనలు

పల్లాలలోని సహజ నీటి మట్టాన్ని మార్చరాదు. కాయలు పక్వమై విత్తనాలు రాలిన తరువాతనే గడ్డి కోయాలి. ఆర్కిడ్ ఆకులు వడలిపోయి, కలుపు ఇంకా పచ్చగా ఉండే శరదృతువులో మందు వాడితే నష్టం తగ్గుతుంది. పరిసరాల్లో కీటకనాశనుల వాడకాన్ని నియంత్రించి చిమ్మటలను కాపాడాలి. మొక్కను మాత్రమే కంచె వేసి రక్షించినంత మాత్రాన జాతి నిలవదు. నీరు, శిలీంద్రం, చిమ్మట మూడూ నిలిచిన చోటనే అది కొనసాగుతుంది.