నీటి నడకను పట్టే యంత్రం

డెనీ లె బిహాన్ మొదట వెతికింది మెదడులో కాదు, కాలేయంలో. 1980ల నడుమ పారిస్‌లో ఆ యువ వైద్యుడికి ఎదురైన ప్రశ్న ఇది: కాలేయంలో కనిపించే గడ్డ క్యాన్సరా, రక్తనాళాల ముద్దా అన్నది ఎంఆర్ఐతోనే తేల్చవచ్చా? క్యాన్సర్ గడ్డలో నీటి అణువుల కదలిక మందగిస్తుందని ఆయన అంచనా. తీరా చూస్తే 0.5 టెస్లా స్కానర్ మహా నిదానం. రోగి ఊపిరి తీసినప్పుడల్లా కాలేయం జరిగిపోయేది. ప్రయత్నం బెడిసికొట్టింది. దాంతో కుదురుగా ఉండే మెదడు వైపు మళ్లారు. 1986లో ఆ పరిశోధన అచ్చయింది.

కిటుకు మాత్రం 1965లో స్టెజ్‌స్కాల్, టానర్ చెప్పిందే. అయస్కాంత క్షేత్రంలో ఒక తోపు, క్షణంలో వంతు ఆగి దానికి విరుగుడుగా మరొకటి. కదలని అణువుకు రెండూ చెల్లుకు చెల్లు. కదిలినదానికి బాకీ మిగులుతుంది, అక్కడ సంకేతం తగ్గుతుంది. 50 మిల్లీసెకన్లలో మెదడులో నీరు జరిగేది సుమారు 10 మైక్రాన్లే! ఆ తోపులకు స్కానర్ బల్ల సైతం అదురుతుంది.

1994లో పీటర్ బాసర్, జేమ్స్ మాటియెల్లో, లె బిహాన్ దీనికి దిక్కు కలిపారు. వరిగడ్డి మోపులో నీరు అడ్డంగా కంటే పొడవునా సులువుగా పోతుంది. నరాల పోగుల్లోనూ అంతే. ఆరు దిక్కుల్లో కొలిస్తే ఆ మొగ్గు 0 నుంచి 1 లోపు అంకెగా తేలుతుంది.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. మామూలు ఎంఆర్ఐలో కనిపించే తెల్ల మచ్చల లెక్కకూ రోగి పడే అవస్థకూ చాలాసార్లు పొంతన కుదరదు. 2005లో హ్యూస్టన్‌లో ఖాదర్ హసన్, పొన్నాడ నారాయణ తదితరులు మెదడు రెండు సగాలను కలిపే నరాల వంతెనను ఏడు ముక్కలుగా కొలిచారు. మచ్చ లేదనిపించిన చోట్ల కూడా ఆ అంకె తగ్గింది.

అలాగని యంత్రం మైలిన్‌ను చూసేసిందనుకుంటే పొరపాటే. అది చూసేది నీటినే. వాపు వచ్చినా, పోగులు అడ్డదిడ్డంగా పెనవేసుకున్నా అంకె మారుతుంది. స్కానర్ మారినా మారుతుంది. అందుకే పరిశోధనల్లో ఇంత పేరున్నా, మల్టిపుల్ స్క్లెరోసిస్ నిర్ధారణ ప్రమాణాల్లో దీనికి చోటు దక్కలేదు.

కాబట్టి డాక్టర్ ఈ పరీక్ష రాయలేదని బెంగపడనక్కర్లేదు. ఒక కంటి చూపు ఉన్నట్టుండి మసకబారి, కన్ను కదిపితే నొప్పి పుడితే మాత్రం అది ఈ జబ్బుకు సూచన కావచ్చు; హైదరాబాద్‌లో ఉన్నా మరెక్కడ ఉన్నా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.