రేసు బండి నడిపేవారికి మనోవ్యాధి వస్తే...

బెంగుళూరు నుండి చెన్నైకి పోయే జాతీయ రహదారి రాయవేలూరును ఒరసుకొని సాగుతున్నది. అదే రహదారిపై వేలూరుకు తూర్పున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, శ్రీపెరుంబుదూరు దాటిన తరువాత, ఇరుంగాట్టుకోట్టై వద్ద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి రేసు ట్రాక్ ఉన్నది. 1990లో ప్రారంభమైన ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. కార్లకు, మోటారు సైకిళ్లకు జాతీయ పోటీలు అక్కడ జరుగుతుంటాయి. వేలూరు పట్టణానికి దక్షిణాన బాగాయంలో మరొక స్థలం కలదు. అది క్రైస్తవ వైద్య కళాశాల (సి.ఎం.సి.) వారి మానసిక ఆరోగ్య కేంద్రం. గుడియాత్తం, పేర్ణాంబట్టు, పలమనేరు, చిత్తూరు ప్రాంతాల కుటుంబాలలో మొదటి స్థలం పేరు చెప్పేటప్పుడు కుర్రవాళ్ల కళ్లు మెరుస్తాయి. రెండవ స్థలం పేరు చెప్పేటప్పుడు పెద్దల గొంతు తగ్గుతుంది.

ఒకే మనిషికి ఈ రెండు స్థలాలతోనూ పని పడవచ్చునా? పడవచ్చును. మనోవ్యాధి ధైర్యవంతులను విడిచిపెట్టి పిరికివారిని మాత్రమే పట్టుకొనే జబ్బు కాదు.

ఆస్ట్రేలియా దేశస్థుడైన కేసీ స్టోనర్ 2007లోనూ 2011లోనూ మోటారు సైకిల్ రేసులలో ప్రపంచ విజేత. 2012 చివర, ఇరవై ఏడేళ్ల వయసులోనే ఆయన పోటీల నుండి విరమించుకొన్నప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. తనకు ఆందోళన రుగ్మత ఉన్నదని రేసులు మానిన చాలా ఏళ్లకు గాని తెలియలేదని ఆయన తరువాత వెల్లడించారు. ఫార్ములా వన్ కారు నడిపే బ్రిటిష్ యువకుడు లాండో నోరిస్ 2019లో, తన మొదటి ఏడాదిలో, తాను ఇందుకు తగినవాడినేనా అన్న సందేహంతో ఎంత కుంగిపోయినదీ 2021లో బహిరంగంగా చెప్పారు. అతడే 2025లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఒకప్పుడు తానూ రేసులు నడిపి, ఇప్పుడు మెర్సిడెస్ జట్టును నడుపుతున్న టోటో వోల్ఫ్, కుంగుబాటుకు 2004 నుండి మానసిక వైద్యుల సహాయం పొందుతున్నట్లు దాచకుండా చెప్పుకొన్నారు.

నోరిస్ చెప్పుకొన్నది మనసుకు కలిగిన కష్టం. వోల్ఫ్ చెప్పినది వైద్యం అవసరమైన వ్యాధి. ఈ తేడాను కుటుంబాలు గ్రహించాలి. ఓడిపోయినవాడు నాలుగు రోజులు ముభావంగా ఉండటం సహజం. రెండు వారాలకు పైగా ప్రతిదినమూ దిగులు, తిండి మీదా నిద్ర మీదా దెబ్బ, ప్రాణంగా ప్రేమించిన బండి వైపు కూడా చూడబుద్ధి కాకపోవడం కనబడితే అది కుంగుబాటు కావచ్చును, వైద్యుని చూడాలి. చనిపోవాలన్న మాట నోట వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగరాదు.

రేసు లోకంలో పోల్చుకోవడానికి అన్నింటికంటె కష్టమైనది బైపోలార్ వ్యాధి. ఇందులో కొంతకాలం కుంగుబాటు, కొంతకాలం ఉన్మాదపు ఉద్రేకం వస్తాయి. ఉద్రేక దశలో మనిషి రెండు మూడు గంటలే నిద్రించినా అలసట ఎరుగడు. ఆగకుండా మాట్లాడుతాడు. అప్పు చేసి కొత్త బండి కొంటాడు. ఏ మలుపులోనూ తనకు బ్రేకుతో పని లేదనుకొంటాడు. ఇదే ప్రవర్తన ఒక మగ్గం నేసేవాని ఇంట కనబడితే వారంలోగా చుట్టుపక్కల వారు గుర్తిస్తారు. రేసు నడిపేవానిలో కనబడితే మాత్రం స్నేహితులు చప్పట్లు కొడతారు. మంచి రేసరు భయం లేనివాడు కాదు; ఎక్కడ భయపడాలో లెక్క తెలిసినవాడు. ఆ లెక్క తప్పినదని మొదట తెలిసేది జట్టువారికి కాదు, రాత్రి ఎన్ని గంటలకు దీపం ఆరినదో చూసే తల్లికి, భార్యకు.

నిద్ర సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. బైపోలార్ ఉన్నవారికి నిద్ర చెడటం వ్యాధి లక్షణం మాత్రమే కాదు, వ్యాధిని రేపే నిప్పు కూడా. రాత్రంతా వ్యానులో బండితో ప్రయాణం, తెల్లవారగానే ప్రాక్టీసు అనే రేసు జీవితం వారికి ప్రమాదకరం. ముందు రోజు పగలే చేరుకొని, వేళకు పడుకోవాలి. అలాగే క్రిందపడి తలకు దెబ్బ తగిలిన తరువాత వారాల పాటు చిరాకు, దిగులు, మతిమరుపు కనబడితే, హెల్మెట్ పగలలేదు గదా అని ఊరుకోరాదు.

బాగాయం కేంద్రం 1957లో మొదలైనది. రోగితో పాటు కుటుంబంలోని వారొకరు అక్కడే నివసించడం దాని పద్ధతి. రోగిని లోపల పెట్టి తాళం వేసి, బంధువులను ఇంటికి పంపివేయడమే ఆనాటి పిచ్చాసుపత్రుల రీతి. దాదాపు అదే కాలంలో అమృతసర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలోనే డేరాలు వేయించి కుటుంబాలను రోగుల వద్ద ఉంచారు. ఈ రెండు చోట్లా తెలిసినదేమనగా, తోడున్నవారు వండిపెట్టడానికే కాదు, నేర్చుకొని పోవడానికి ఉన్నారని. వ్యాధి మళ్లీ తలెత్తేముందు వచ్చే గుర్తులేవి, ఏ మాత్ర ఎందుకు, ఎప్పుడు పరుగెత్తి రావాలి అన్నవి ఇంటివారికి తెలిస్తే సగం వైద్యం ఇంట్లోనే జరుగుతుంది.

రేసు నడిపేవాని ఇంటివారు ఇంకొంచెం ఎక్కువ నేర్చుకోవాలి. లిథియం మాత్రనే తీసుకొందాం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు ఉన్మాదానికి దీని గుణాన్ని లోకానికి తెలిపారు. బైపోలార్ వ్యాధికి ఇప్పటికీ ఇది ప్రధానమైన మందు. ఇది ఒక లవణం. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు ఉంటే మందు; 1.5 దాటితే విషం కాసాగుతుంది. చెమట ద్వారా నీరూ ఉప్పూ పోతే మూత్రపిండాలు లిథియమును బయటికి పంపక నిలువ చేస్తాయి. వేలూరు ఎండ ఎలాంటిదో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ ఎండలో తోలు దుస్తులు, హెల్మెట్ ధరించి రేసు నడిపేవాని ఒంటి నుండి ఎంత చెమట పోతుందో ఊహించవచ్చును. చేతుల వణుకు ఎక్కువవడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, నడక తూలడం కనబడితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. క్రిందపడిన నొప్పికి మెడికల్ షాపులో అడిగి వేసుకొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కూడా రక్తంలో లిథియమును పెంచుతాయి. నొప్పికి ఏది వాడవచ్చునో వైద్యునే ముందుగా అడిగి ఉంచుకోవాలి.

ఇంకొక చిక్కు కలదు. లిథియం వల్ల వచ్చే సన్నని వణుకుకు, గుండెదడకు వైద్యులు తరచుగా ప్రొప్రనొలాల్ ఇస్తారు. ఇంట్లో ఇది మామూలు మాత్ర. అంతర్జాతీయ డోపింగ్ నిషేధ జాబితా ప్రకారం కారు రేసులలో పోటీ సమయాన ఈ జాతి మందులు నిషిద్ధం. ఏకాగ్రత లోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అన్ని ఆటలలోనూ పోటీ సమయంలో నిషిద్ధమే. లిథియం గాని, కుంగుబాటుకు సాధారణంగా ఇచ్చే మాత్రలు గాని ఆ జాబితాలో లేవు. నిషిద్ధమైన మందు తప్పనిసరి అయితే, వైద్యుని కాగితాలతో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నుండి ముందే అనుమతి కోరే మార్గం ఉన్నది. ఇదంతా జరగాలంటే తాను రేసరునని వైద్యునికీ, తనకు వ్యాధి ఉన్నదని పోటీల వైద్యాధికారికీ చెప్పాలి. ఇక్కడనే చాలామంది వెనుకాడుతారు. లైసెన్సు పోతుందేమో, పెళ్లి చెడుతుందేమో అని భయం. ఆ భయం అకారణమని చెప్పలేము. మన ఊళ్లలో పెళ్లిచూపుల నాడు జరిగే ఆరాలు అందరికీ తెలిసినవే. కానీ దాచిన ఇంట జరిగేది మరొకటి: మత్తుగా ఉన్నదని రేసుకు వారం ముందు కుర్రవాడు మాత్రలు తనంతట తాను మానివేస్తాడు. రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయే బండి పక్కన మరొక తల్లి కన్నబిడ్డ బండి కూడా పోతుంటుంది.

వ్యాధి తీవ్రంగా ఉన్నంతకాలం రేసు వద్దు. కొత్త మందు మొదలుపెట్టిన తొలి వారాలలో గుడియాత్తం బజారుకు స్కూటరు కూడా వైద్యుని అడిగిన తరువాతనే. కుదుటపడి, నిద్ర నిలకడగా ఉండి, వైద్యుడు సమ్మతిస్తే మళ్లీ ట్రాక్ ఎక్కడానికి అడ్డు లేదు. కుదుటగా ఉన్న రోజులలోనే ఒక ఒప్పందం వ్రాసుకోవడం మేలు: వరుసగా రెండు రాత్రులు నిద్ర పోకపోతే తాళంచెవి అన్న చేతికి ఇస్తాను అని. 2018 మే నుండి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ముదిరినప్పుడు తనకు ఏ వైద్యం చేయాలో, ఏది చేయరాదో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగానే వ్రాసి ఉంచే హక్కు కూడా కలదు. ఆ చట్టమే గొలుసులతో కట్టడాన్ని నిషేధించినది. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో బంధింపబడి పారిపోలేక 28 మంది మరణించారు.

షోళింగర్ కొండకు పోయి నరసింహస్వామిని, ఆంజనేయుని మ్రొక్కుకొనే ఆచారం మన కుటుంబాలలో తరతరాలుగా ఉన్నది. పోవచ్చును, మాత్రల డబ్బా కూడా సంచిలో ఉండాలి, అంతే. బాగాయం దాకా పోవడానికి మనసు ఒప్పనివారు ముందుగా 14416 నెంబరుకు ఫోన్ చేయవచ్చును. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడుతారు.

ఇరుంగాట్టుకోట్టై నుండి గుడియాత్తానికి నూట ముప్పై కిలోమీటర్లు. రేసు ముగిసిన ఉత్సాహంలో రాత్రికి రాత్రే బయలుదేరే అలవాటు కుర్రవాళ్లది. గెలిచినా ఓడినా ఆ రాత్రి అక్కడనే పడుకొని, వేళకు మాత్ర వేసుకొని, ఉదయం వేరొకరు నడిపే బండిలో ఇంటికి రావాలి.