పక్కలో పొడుపు: ఊపిరితిత్తికి నీరు చేరితే...

"ఊపిరి పీల్చినప్పుడల్లా కుడిపక్క పొడుస్తోందంటే గ్యాసనుకున్నామండీ. మూడు వారాల్నించీ వాము నమిలించాం, మాత్రలు వేశాం" అంటూ ఒక తల్లి ఇరవై రెండేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ అమ్మాయికి పొద్దువాలేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. పొడిదగ్గు. అన్నం సయించదు. మొదటి వారం బాధపెట్టిన పొడుపు తరువాత తగ్గింది, కాని మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. నొప్పి పోయింది కదా, జబ్బూ పోయినట్టేనని ఇంట్లోవాళ్ళు సంతోషించారు. నిజానికి అప్పుడే జబ్బు ముదిరింది.

రెండు పొరల మధ్య

మన ఊపిరితిత్తుల్ని రెండు పలచని పొరలు కప్పి ఉంటాయి. వాటి మధ్య పది, ఇరవై మిల్లీలీటర్ల ద్రవం యంత్రానికి నూనెలా పనిచేస్తుంది. ఈ పొరలు వాచినప్పుడు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఊపిరి పీల్చినా, దగ్గినా పొడిచినట్లు నొప్పి వచ్చేది అందుకే. తరువాత మధ్యలో నీరు ఊరితే పొరలు విడిపోతాయి. రాపిడి లేదు గనుక నొప్పి తగ్గుతుంది; నీరు ఊపిరితిత్తిని నొక్కుతుంది గనుక ఆయాసం పెరుగుతుంది.

మనవాళ్ళు న్యుమోనియానీ దీన్నీ కలిపి "నెమ్ము" అంటారు. న్యుమోనియా ఊపిరితిత్తి లోపలి జబ్బు. ఈ నీరు చేరేది ఊపిరితిత్తి వెలుపల. కాబట్టి వైద్యమూ వేరు.

గుర్తించడం ఎలా?

డాక్టరు మీ వీపు మీద వేళ్ళతో తట్టి చూడడం గమనించే ఉంటారు. నిండుకుండకూ ఖాళీకుండకూ శబ్దంలో తేడా ఉన్నట్టే ఇక్కడా ఉంటుంది. ఈ పద్ధతిని 1761లో ప్రకటించిన ఆవెన్‌బ్రుగర్ అనే ఆస్ట్రియా వైద్యుడు ఒక సత్రం యజమాని కొడుకు. తట్టినచోట మొద్దుశబ్దం వచ్చి, స్టెతస్కోపుకు ఊపిరి చప్పుడు వినపడకపోతే నీరుందని అనుమానించి ఎక్స్‌రే తీయిస్తాం. నీరు సుమారు 200 మిల్లీలీటర్లయితేగాని మామూలు ఎక్స్‌రేలో స్పష్టంగా తెలియదు. అంతకన్నా తక్కువున్నా అల్ట్రాసౌండ్ స్కానింగ్ పట్టేస్తుంది.

నీరుందని తెలిస్తే చాలదు. గుండె బలహీనపడినా, కాలేయం, మూత్రపిండాలు చెడినా నీరు చేరవచ్చు. టి.బి., న్యుమోనియా, క్యాన్సర్ వల్లా చేరవచ్చు. ఏదో తేలాలంటే సూదితో కాస్త నీరు తీసి పరీక్షించాలి.

సూదికి భయపడకండి

"ఒకసారి తీస్తే మళ్ళీ మళ్ళీ ఊరుతుందట కదా?" అని ఆ తల్లి అడిగింది. నీరు ఊరేది జబ్బు వల్ల, సూది వల్ల కాదు. రోగిని కూర్చోబెట్టి, ముందుకు వంగి దిండు మీద చేతులు ఆన్చమంటాం. మత్తు ఇంజక్షనిచ్చి, పక్కటెముక పై అంచున సూది దించుతాం. నీరు ఎంత ఉన్నా ఒక్కసారే లీటరు, లీటరున్నరకు మించి తీయం. దగ్గు గాని, గుండె పట్టేసినట్టు గాని ఉంటే వెంటనే చెప్పాలి.

తీసిన నీటిలో మాంసకృత్తులు, ఎల్.డి.హెచ్. ఎంతున్నాయో రక్తంలోని వాటితో పోల్చి చూస్తారు. 1972లో లైట్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు చెప్పిన కొలతలే నేటికీ ఆధారం. టి.బి. అయితే ఎ.డి.ఎ. అనే పదార్థం సాధారణంగా 40 యూనిట్లు దాటుతుంది. ఈ నీటిలో టి.బి. క్రిములు కనిపించడం అరుదు. "క్రిములు లేవు, కాబట్టి టి.బి. కాదు" అనుకోవడం పొరపాటు. నీరు ఎర్రగా వచ్చినా, రోగి పెద్దవయసువాడై చుట్ట, సిగరెట్టు అలవాటున్నా క్యాన్సర్ పరీక్షలు తప్పవు. చీము వస్తే మందులు ఒక్కటే చాలవు. గొట్టం వేసి బయటికి తీయాలి.

చీటీ మీద రాయొద్దన్న తల్లి

ఆ అమ్మాయిది టి.బి. అని తేలింది. తల్లి గొంతు తగ్గించి "చీటీ మీద ఆ పేరు రాయకండి బాబూ, సంబంధం కుదిరింది" అంది. "రాయకపోతే మందులు రావమ్మా" అన్నాను. 2012 నుంచి ప్రతి టి.బి. కేసునూ ప్రభుత్వానికి తెలియజేయాలి. మందులు ఉచితం. పౌష్టికాహారానికి 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చేవారు; 2024 నవంబరులో దాన్ని 1000 చేశారు. ఈ నీరు ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. ఊపిరితిత్తిలోనూ టి.బి. ఉంటేనే అంటుతుంది, అందుకే కళ్ళె కూడా పరీక్షిస్తాం. కంచం, గ్లాసు వేరుపెట్టి మనసు కష్టపెట్టకండి.

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలు. మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే. కళ్ళు పచ్చబడినా, వాంతులైనా, చూపు మసకబారినా వెంటనే రండి. రిఫాంపిసిన్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. కొత్త దంపతులు ఈ సంగతి డాక్టరుతో చెప్పాలి.

రెండో నెలకే ఆకలి పుట్టి, ఒళ్ళు చేస్తుంది. ప్రమాదం అక్కడే. బాగుంది కదా అని మానేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి. మూడో నెలలో ఆ తల్లీ "ఇక చాలు కదండీ" అంది. "చాలదమ్మా" అన్నాను. పెళ్ళి ఆరు నెలల తరువాతకు జరిపారు. కారణం పెళ్ళికొడుకుతో ఆ అమ్మాయే చెప్పిందట.

పక్కలో పొడుపు, సాయంత్రం జ్వరం, దగ్గు రెండు వారాలు దాటితే వాముతో కాలక్షేపం చేయకండి. ఉన్నట్టుండి ఒకపక్క నొప్పితో ఊపిరాడకపోతే ఆ పొరల మధ్య గాలి చేరి ఉండవచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.