బస్తా మీద లేని ఊరు

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఆదివారం పొద్దున. ఇండియన్ స్టోర్‌ నుంచి తెచ్చిన ఇరవై పౌండ్ల బియ్యం బస్తా కుట్టుదారం సరైన కొస దొరకబుచ్చుకుని లాగితే సర్రున ఊడివస్తుంది. డబ్బాలోకి ఒంపుతుంటే అరచేతికి సన్నగా పిండి అంటుకుంటుంది. బస్తా మీద కంపెనీ పేరుంది, బరువుంది, ‘సోనా మసూరి’ అని పెద్దక్షరాలున్నాయి. ఆ వంగడాన్ని పుట్టించిన బాపట్ల పేరు మాత్రం లేదు. మన కంచంలోకి వచ్చిన సేద్యపు చదువు కథే ఇది.

విడివిడి కొలువులు

ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని తెలుగు పిల్లలు సేద్యం చదవాలంటే కోయంబత్తూరు బండెక్కాల్సిందే. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల తెరిచాక ఆ తిప్పలు తీరాయి. తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల వచ్చాయి. గోదావరి డెల్టాలో మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1925 నుంచే పనిచేస్తోంది. పాఠం ఒకచోట, పరిశోధన మరోచోట సాగేవి. వాటన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెస్తూ 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఓ. పుల్లారెడ్డి తొలి ఉపకులపతి. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించారు.

న్యూజెర్సీతో చుట్టరికం

ఈ గొడుగు నమూనా అమెరికాదే. 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం, సేద్యం నేర్పే కళాశాలల కోసం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములిచ్చింది. న్యూజెర్సీలో ఆ బాధ్యత 1864లో రట్గర్స్ కళాశాలకు దక్కింది. 1887 చట్టంతో ప్రయోగ కేంద్రాలకు నిధులు, 1914 చట్టంతో రైతు దగ్గరికి వెళ్లే విస్తరణ సేవ జతపడ్డాయి. బోధన, పరిశోధన, విస్తరణ అనే ఈ మూడు కాళ్ల పీటనే స్వతంత్ర భారతం ఎంచుకుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కొలువైన మన విశ్వవిద్యాలయానికి చేయందించింది కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం.

ఆరు కేసరాల ఓపిక

వరి పువ్వు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది. రెండు రకాలను కలపాలంటే సాయంత్రం పూట గింజ కొన కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ ఒక్కటి చిట్లకుండా తీసేసి, కంకికి కాగితపు సంచి తొడగాలి. మర్నాడు రెండో రకం పుప్పొడి దులపాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి వేల మొక్కల్లోంచి ఏరుకుంటూ పోవాలి. మారుటేరు నుంచి 1982లో స్వర్ణ, సోనా మసూరి పుట్టిన బాపట్ల నుంచే 1986లో సాంబ మసూరి అలా రైతు మళ్లలోకి దిగాయి. సాంబ మసూరిని రైతు ఇప్పటికీ ‘బీపీటీ’ అనే అంటాడు. ఆ మూడక్షరాలు బాపట్లవే. స్వర్ణ సంఖ్యకు ముందుండే ‘ఎంటీయూ’ మారుటేరుది. సంస్థకు ఇంతకంటే గొప్ప శిలాఫలకం ఏముంటుంది!

పేర్లు మారినా

1996లో విశ్వవిద్యాలయానికి నిడుబ్రోలు బిడ్డ, రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యాన విద్య వేరుపడ్డాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయానికి నిలయమైంది. రంగా విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంలో కుదురుకుంది. పంపకాలు ఎలా జరిగినా విత్తనానికి సరిహద్దు లేదు. బాపట్ల గింజ తెలంగాణ చెరువుల కిందా పండుతోంది.

వేసవి వస్తే పార్సిప్పనీ పెరళ్లలో మనవాళ్లు గోంగూర విత్తుతారు, బీర పాదులకు పందిళ్లు వేస్తారు. ముందుగా పలుచోట్ల మట్టి తీసి, కలిపి, రట్గర్స్ ప్రయోగశాలకు పరీక్షకు పంపేవారున్నారు. గుంటూరు జిల్లా రైతుకు చెప్పే పద్ధతీ ఇదే. రెండు నేలలకూ చదువు ఒకటే.

ఈసారి బస్తా విప్పేటప్పుడు పిల్లల్ని దగ్గరికి పిలుద్దాం. నాలుగు గింజలు వాళ్ల అరచేతిలో పోసి, బస్తా మీద లేని ఆ ఊరి పేరు మన నోటితో చెబుదాం.