ఒప్పుకోలు తయారైన తీరు

1628లో జర్మనీలోని బాంబెర్గ్ నగరంలో మేయరుగా పనిచేసిన యోహానెస్ యూనియస్‌ను చేతబడి నేరం మీద పట్టుకున్నారు. కాదన్నాడు. వేళ్లను స్క్రూల మధ్య పెట్టి బిగించారు, కాళ్లను నొక్కారు, చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగి ఎనిమిదిసార్లు వదిలారు. చివరికి ఒప్పుకున్నాడు. అంతటితో విడవలేదు, తోటి మంత్రగాళ్లెవరో చెప్పమని ఒక్కో వీధి పేరూ చదువుతూ మనుషుల పేర్లు రాబట్టారు. అదంతా తను అల్లిన కథేనని కూతురు వెరోనికాకు జైలు నుంచి దొంగచాటుగా రాసుకున్నాడు. ఆగస్టులో మరణశిక్ష అమలైంది.

దీన్ని వట్టి క్రూరత్వమని తీసిపారేస్తే అసలు సంగతి చేజారుతుంది. 1532 నాటి జర్మన్ సామ్రాజ్య శిక్షాస్మృతి ప్రకారం మరణశిక్ష వేయాలంటే ఇద్దరు ప్రత్యక్ష సాక్షులైనా ఉండాలి, నిందితుడి ఒప్పుకోలైనా ఉండాలి. చూడబోతే మంచి నియమమే. కానీ అర్ధరాత్రి సైతానుతో విందుకు వెళ్లడాన్ని కళ్లారా చూసిన సాక్షి ఎక్కణ్ణుంచి వస్తాడు? ఇక మిగిలింది ఒప్పుకోలు, దాన్ని రాబట్టేది హింస. ఒప్పుకున్న ప్రతివాడూ ఇంకొందరి పేర్లు చెప్పక తప్పదు కాబట్టి, విచారణ తనకు కావలసిన నేరస్థులను తనే పుట్టించుకుంటూ పోయింది. మరి ఎక్కడెక్కడి వాళ్లూ ఒకే కథ చెప్పారే, అందులో నిజం లేదా అనవచ్చు. అడిగిన ప్రశ్నలు ఒకటే అయినప్పుడు జవాబులు వేరుగా ఎలా ఉంటాయి? జెసూట్ మతగురువు ఫ్రీడ్రిక్ ష్పే 1631లో పేరు లేకుండా అచ్చయిన తన పుస్తకంలో, ఇలాంటి హింసకు గురైతే ఎవరైనా ఒప్పుకుంటారని వాదించాడు.

చిత్రహింసకు సాధారణంగా చట్టం ఒప్పుకోని ఇంగ్లండులోనూ ఒప్పుకోళ్లు వచ్చాయి కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. 1645లో మంత్రగత్తెల వేటగాడు మాథ్యూ హాప్కిన్స్ మనుషులు నిందితులను రాత్రుళ్లు నిద్రపోనివ్వకుండా కాపలా కాసేవారు. వరసగా నిద్ర లేకపోతే మెదడు భ్రమకూ నిజానికీ తేడా గుర్తించలేదు, ఎదుటివాడి మాటకు తేలిగ్గా లొంగుతుంది. ఒంటి మీద గాయం లేనంత మాత్రాన అది హింస కాకుండా పోదు. 1692లో అమెరికాలోని సేలంలో చేతబడి విచారణల్లో ఉరికంబమెక్కిన 19 మందీ నేరం కాదన్నవాళ్లే. ఒప్పుకుని ఆ మాట మీదే నిలిచినవాళ్లు బతికిపోయారు. అక్కడ అబద్ధమే ప్రాణం నిలిపింది.

ఒప్పుకోలును సాక్ష్యంగా కాక, పరీక్షించాల్సిన ఊహగా చూసినవాడు స్పెయిన్ మతవిచారణాధికారి అలోన్సో దె సలజార్. ఆయన నిందితులను విడివిడిగా ప్రశ్నించాడు, మాంత్రిక లేపనాలన్నవాటిని పరీక్ష చేయించాడు. మాటలు పొసగలేదు, లేపనాల్లో మహిమ లేదు. 1614లో మతవిచారణ మండలి నిబంధనలు బిగించాక ఆ న్యాయస్థానాల్లో మంత్రగత్తెల దహనం దాదాపు ఆగిపోయింది. జర్మన్ రాజ్యాల్లో అతి పెద్ద వేటల్లో కొన్ని ఆ తర్వాతే జరిగాయి.